కొమురమ్మ వంతు

"ఇది నీ చేతులతోని పుట్టిన కాయిదమే గద, చెల్లె? నేను రాయలే. మీ బావ రాయలే. నువ్వే కంప్యూటర్‌ల కొట్టినవ్, నువ్వే ఒచ్చి మా ఫ్రిజ్‌కు అంటించి పోయినవ్."

మాలతి ఆ కాగితాన్ని మంచం మీద పరిచింది. ఫ్రిజ్ తలుపు మీది నుంచి ఒక్క గుంజుకు పెరికినట్టుంది. నాలుగు మూలలకూ టేపు ముక్కలు వేలాడుతున్నాయి. పైమూలకు పసుపు మరక.

రజిత పిల్ల గౌన్లు మడత పెడుతోంది. తల ఎత్తలేదు.

"సదువు. అక్టోబర్ ఒకటికి ఎదురుంగ ఏమున్నది?"

"దిల్‌సుఖ్‌నగర్."

"అదెవలిల్లు?"

"మీదే అక్కా. కాదంటున్ననా? పదిహేను దినాలు ఆగుమంటున్న. పెత్రమాస దాక."

మాలతి నడుం మీద చేతులు పెట్టుకుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నిమజ్జనం గుంపుల మధ్య నడుచుకుంటూ, ఆటో దొరికినంత మేర ఆటోలో వచ్చింది. జుట్టులో ఎవరో చల్లిన గులాల్ ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. రజిత చూసింది, చెప్పలేదు.

"పెత్రమాస! గా ముచ్చట నేనన్ననాడు నువ్వేమన్నవ్? అత్తమ్మ పెత్రమాస దాటినంకనే ఇల్లు మారుతది, గట్లనే రాయి అని నేనంటే, 'అక్కా, కంప్యూటర్‌కు పెత్రమాస తెల్వది' అని పండ్లన్ని బయటపెట్టి నవ్వినవ్. మీ బావ సుత నవ్విండు. ఇయ్యాల నీ కంప్యూటర్‌కు పెత్రమాస ఎవలు నేర్పిండ్రు?"

రజిత ఇంకో గౌను అందుకుంది. ఆ మాట ఆమె అన్నదే.

మామ దశరథ పోయిన తరువాత అత్త కొమురమ్మ, మాలతి భర్త అయిన పెద్దకొడుకు నరేష్‌కుమార్ ఇంట్లో మూడు నెలలు, రజిత భర్త అయిన చిన్నకొడుకు ఉపేందర్ ఇంట్లో మూడు నెలలు ఉంటోంది. మొదట్లో ఆమె పండుగలను పట్టుకొని ఇల్లు మారేది. ఉగాదికి ఒకచోట, తొలి ఏకాదశికి ఒకచోట. భాద్రపద అమావాస్య, పెత్రమాస దాటితే పెద్దకొడుకు ఇంట్లో బతుకమ్మ. మారిన ప్రతిసారీ గొడవే. ఇంకా నాలుగు దినాలున్నాయని ఒకరు, ఎప్పుడో అయిపోయిందని ఒకరు. ఈ పోట్లాట ఆమెను వద్దనుకొని కాదు, కావాలనుకొని. మాలతి చీరల షాపులో కూర్చుంటే వెనుక వంటిల్లు నడవాలి, అమ్మిన చీరల కొంగులకు కుచ్చు ముడులు పడాలి. రజిత చైతన్యపురిలో కంప్యూటర్ పాఠాలు చెప్పి వచ్చేదాకా పిల్లను పట్టుకోవాలి.

పోయినేడు ఉగాది ముందు రజితే ఈ తగువు తెంపింది. ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు చెప్పే పాఠాన్నే ఇంటికి తెచ్చింది. ఎక్సెల్ షీటు పై గడిలో ఏప్రిల్ ఒకటి కొట్టింది. దాని కింద ఈడేట్ ఫార్ములా పెట్టి, పై తారీఖుకు మూడు నెలలు కలుపుమంది. మౌసుతో పట్టి కిందికి లాగితే జూలై ఒకటి, అక్టోబర్ ఒకటి, జనవరి ఒకటి వరసగా వచ్చి పడ్డాయి. పక్క వరసలో ఆ మూడు నెలల ఆఖరు తారీఖు. ఆ పక్కన నెలను మూడుతో భాగించి, పైఅంకెకు సవరించి, ఏడాదిలో ఎన్నో క్వార్టరో రాబట్టింది. చివరి వరసలో ఇల్లు. క్వార్టర్‌ను రెండుతో భాగించి ఏమీ మిగలకపోతే దిల్‌సుఖ్‌నగర్, ఒకటి మిగిలితే ఎల్బీనగర్.

అందరూ గడుల వంకే చూశారు. ఏడాదిన్నర ఎవరూ నోరెత్తలేదు. పోయినేడు పెత్రమాస అక్టోబర్ ఒకటికి దగ్గర్లోనే పడింది కాబట్టి కొమురమ్మ కూడా ఏమీ అనలేదు.

ఈ ఏడు అధిక మాసంతో భాద్రపదాలు రెండు వచ్చాయి. పెత్రమాస అక్టోబర్ పదిహేనుకు జరిగింది.

"గణపతి సుత ఆలస్యంగనే ఒచ్చిండు గద, అక్కా. పోయినేడు సెప్టెంబర్ ఒకటికి చవితి అయితే, గీ యేడు నెల సగమైనంక. దేవుడే తారీఖు మార్చుకున్నడు."

"దేవునికి రెండిండ్లు లేవు."

కిటికీ దగ్గర చాప మీద కూర్చున్న కొమురమ్మ ఇద్దరి మాటలూ వింటోంది. వింటున్నట్టు కనబడదు. ఆమె చేతిలో పిల్ల జడకు కట్టే ఎర్ర రిబ్బన్ ఉంది. ఒక కొసను గడియ కొక్కేనికి తగిలించి, కిటికీ ఊచలకు ఒక్కొక్కదానికీ వరుసగా చుట్టి తెస్తోంది. కొక్కెం నుంచి ఊచకు, ఊచ నుంచి కొక్కేనికి. రిబ్బన్ అయిపోగానే విప్పి మళ్ళీ మొదలు. పిల్ల ఆమె మోకాలికి ఆనుకొని చూస్తోంది.

"సోమవారం నేను కాలేజీల జాయిన్ గావాలె. మీర్‌పేట్ కాడ. డిగ్రీ కాలేజీ అక్కా. ఇన్‌స్టిట్యూట్ లెక్క కాదు, లెక్చరర్ అని రాసిచ్చిండ్రు. ఆ దినం పోకుంటే ఇంకొకామెను తీసుకుంటరట. మా అమ్మకు కన్ను ఆపరేషన్ అయింది, దసరా దాక కదలొద్దన్నరు. పెత్రమాస దాటితే ఎట్లన్న దసరా సెలవులు. నడుమ గీ పదిహేను దినాలే."

"నాకు దసరా గిరాకి అంతా గా పదిహేను దినాలే."

రోడ్డు మీద డీజే బండి పోతోంది. కిటికీ అద్దం సన్నగా అదురుతోంది.

పిల్లను దిల్‌సుఖ్‌నగర్‌లో దించి పోతే సరిపోయేది. అత్తమ్మ అక్కడే ఉంటుంది. ఆ మాట ఇద్దరి నోటి దాకా వచ్చింది, ఇద్దరూ మింగేశారు. శ్రావణంలో ఒకరోజు పిల్ల ఆ షాపులో చీరకు పెట్టిన గుండుసూది నోట్లో పెట్టుకుంది. మాలతే వేలు పెట్టి తీసింది. వచ్చిన రజిత అదేమీ అడగలేదు. "నీ పిల్లలయితే గిట్లనే చూస్తవా?" అంది. మాలతికి పిల్లలు లేరు. ఆమె చాలాసేపు చీరలు మడిచి, చివరికి, "ఇగ నీ పిల్లను నా గడప ఎక్కియ్యకు" అంది. ఆ తరువాత ఇద్దరూ కలుసుకున్నారు, మాట్లాడుకున్నారు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ మాట మాత్రం అక్కడే ఉంది.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఇంటి ఓనరు త్రినాథరావు. రిటైరయ్యాక ఆయనకు కింది వాటా వాళ్ళ గొడవలు వినబడకపోతే తోచదు.

"ఏమనుకోకండమ్మా. మోటారు వేద్దామని దిగాను. అధిక మాసం మాటేదో చెవినబడింది."

"రండి బాబాయిగారూ," అంది రజిత. ఆమెకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. "మీరే చెప్పుండ్రి. అధిక మాసం వస్తే మూడు నెలల వంతు ఎన్ని నెలలైతది?"

త్రినాథరావు పంచాంగం తెచ్చుకోనక్కర్లేదు. చొక్కా జేబులో చిన్నది ఉంటుంది. "శాస్త్రం ప్రకారం అధిక మాసానికి లెక్క లేదమ్మా. శుభకార్యాలు చెయ్యరు, దేనికీ ముహూర్తం పెట్టరు. లేనట్టే అనుకోవాలి. అంచేత మీ అత్తగారి వంతు ఒక నెల సాగుతుందన్నమాట."

"లెక్కల లేని నెలన్నరు, మంచిగున్నది," అంది మాలతి. "మరి గా లెక్కల లేని నెలల మా అత్తమ్మ అన్నం తినలేదా సారూ? గీ పిల్ల ముడ్డి కడుగలేదా? మీ కిరాయి మాఫ్ చేసిండ్రా మీరు గా నెల?"

త్రినాథరావు నవ్వబోయి, కిరాయి మాటకు మానుకున్నాడు. "మీ తెలంగాణ వాళ్ళతో మాట్లాడలేమండీ. అవునూ, రేపు తెలంగాణ మార్చ్ అంటున్నారుగా, రోడ్లన్నీ మూసేస్తారా? మా అమ్మాయి విజయవాడ నుంచి రావాలి."

"మీ అమ్మాయిని ఎవలేమంటరు సారూ. ఎల్లుండి రమ్మనుండ్రి," అంది మాలతి. తరువాత రజిత వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల ఆటో తీసుకొనొస్త. మల్ల రోడ్లు బంద్ అయితయ్. అత్తమ్మా, బట్టలు సదురుకో."

కొమురమ్మ రిబ్బన్ విప్పుతోంది. "సదురుకుంట," అంది.

ఎక్కడికి అని ఎవరూ అడగలేదు.

*

ఆదివారం పొద్దున్నే ఉపేందర్ తయారయ్యాడు. కలెక్టరాఫీసు గుమాస్తా. పోయినేడు సమ్మెలో ఇల్లు పట్టకుండా తిరిగాడు. ఇప్పుడు మార్చ్ కోసం నెక్లెస్ రోడ్డుకు యూనియన్ వాళ్ళంతా కలిసి పోతున్నారు. బూట్లకు లేసులు గట్టిగా బిగించాడు. పరుగెత్తాల్సి వస్తుందని అతనికి తెలుసు.

"నువ్వన్న జెప్పు మీ అన్నకు," అంది రజిత.

"ఏమని చెప్పాలె? పేపర్ నీది. నేను జెప్తే ఆయనేమంటడు? మీ రజిత రాసిందే గదరా తమ్మీ అంటడు."

"అయితే నేను జాయిన్ గావొద్దా?"

ఉపేందర్ రెండో బూటు మీద వంగాడు. "గట్లన్ననా?"

"ఎట్లన్నవ్ మరి?"

"జర రేపటి దాక ఆగు. సోమవారం నేను సెలవు పెట్టి పిల్లను పట్టుకుంట."

"మంగళవారం గాంధీ జయంతి. బుధవారం? బేస్తారం?"

అతను లేచాడు. గోడకున్న కండువా తీసి మెడలో వేసుకున్నాడు. "తెలంగాణకే తారీఖు దొరుకుతలేదు. ఢిల్లీల నెల అంటరు, మూడు నెలలంటరు, మల్ల మొదటికొస్తరు. దానికొక ఫార్ములా గొట్టరాదు?"

"మీ తెలంగాణ నీ బిడ్డకు పాలు తాపుతదా?"

ఆ మాట వినడానికి అతను ఆగలేదు. తల్లి దగ్గర వంగి, "పోయొస్తనే అవ్వా," అన్నాడు. కొమురమ్మ అతని కండువా సరిచేసింది. "నీళ్ళ సీస తీసుకపో. పోలీసోళ్ళు పొగగుండు ఏస్తే కండ్లు కడుక్కోను," అంది. గేటు పడింది.

రజిత కంప్యూటర్ ముందు కూర్చుంది. కరెంటు పోకముందే ఏదో ఒకటి చెయ్యాలి. ఆ షీటు తెరిచింది. పెత్రమాసకు ఫార్ములా లేదు. చంద్రుణ్ని చూసి తారీఖు చెప్పే మాట ఆమెకు తెలిసిన పుస్తకంలో ఎక్కడా లేదు. చేత్తో కొట్టడం ఒక్కటే దారి.

అక్టోబర్ ఒకటి ఉన్న గడిలోని ఫార్ములాను చెరిపి, అక్టోబర్ పదహారు కొట్టింది.

ఎంటర్ నొక్కగానే కింది గడులన్నీ కదిలాయి. జనవరి పదహారు, ఏప్రిల్ పదహారు, జూలై పదహారు. ఒక్కొక్కటీ పై గడిని చూసి లెక్క కట్టేదే కదా. పక్క వరస మాత్రం కదల్లేదు. అది ఎప్పుడూ నెలాఖరునే చూపిస్తుంది. ఎల్బీనగర్ వంతు సెప్టెంబర్ ముప్పైకి అయిపోతోంది. దిల్‌సుఖ్‌నగర్ వంతు అక్టోబర్ పదహారుకు మొదలవుతోంది.

"ఏమైంది బిడ్డా?" కొమురమ్మ పిల్లను చంకనేసుకొని వెనుక నిలబడి ఉంది.

"ఏం లేదు అత్తమ్మా. నడుమ సగం నెల మిగిలింది."

"ఎవలిది?"

"ఎవలిది కాదు. తప్పు పడ్డది. ఇక్కడ అయిపోయింది, అక్కడ మొదలుకాలేదు."

"జనవరిల?"

"గక్కడ గూడ గట్లనే. మూడు నెలలకొకసారి సగం నెల ఖాళీ ఒస్తది. ఆఖరు తారీఖు ఫార్ములా మార్చాలె."

కొమురమ్మ తెర దగ్గరికి వంగింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. నేత పనికి అంకెలు కావాలి. వేలితో తెర మీద ఆ రెండు తారీఖుల మధ్య గీతను తడిమింది.

"ఎవ్వలికీ చెందని దినాలున్నయన్నట్టు," అంది.

ఆమె కొంగు ముడిలోని ఫోను మోగింది. కొమురమ్మ పిల్లను దించి, ముడి విప్పి, చెవికి గట్టిగా ఆనించింది. అవతలి గొంతు గదంతా వినబడింది. ఊళ్ళో ఉన్న ఆమె ఆడబిడ్డ ఈరమ్మ.

"వదినే, ఎప్పుడొస్తవ్? కరెంటుంటలేదు. ఆసు మిషన్ పండుకున్నది. పదిచీరల పోగు గుట్టబడి ఉన్నది. చేతి ఆసు తీసి దుమ్ము దులిపిన. పట్టేటోళ్ళే లేరు. గీ పోరీలకు చెయ్యి తిరుగుతలేదు."

"ఒస్త ఒస్త," అంది కొమురమ్మ. "అరుస్తున్నవేందే, చెవులు పోతయ్."

రజిత కుర్చీ తిప్పింది. ఆసు ఆమె చూసిందే. ఒకవైపు ఒంటి మేకు, ఎదురుగా విల్లులా వంచిన చెక్కకు వరుస మేకులు. పట్టునూలు పట్టుకొని ఒంటి మేకు నుంచి ఒక్కో మేకుకూ చెయ్యి పోయిరావాలి. పొద్దంతా పోయిరావాలి. అలా చుట్టిన నూలు మీదే రంగుల ముడులు పడతాయి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పట్టబోతే సాయంత్రానికి భుజం లేవలేదు.

కిటికీకి రిబ్బన్ ఇంకా వేలాడుతోంది.

"ఊరికి పోవాలని ఉన్నదా అత్తమ్మా?"

"ఇన్నాళ్ళకన్న అడిగినవ్ గద," అంది కొమురమ్మ.

గేటు ముందు ఆటో ఆగింది.

*

మాలతి, నరేష్‌కుమార్ ఇద్దరూ వచ్చారు. ఆటో నడిపే జంగయ్య ఇంజన్ ఆపకుండా, "జల్ది అమ్మా, రింగ్‌రోడ్డు కాడ అప్పుడే పోలీసులు నిలవడ్డరు," అని కేకేశాడు. ఆటో ముందద్దానికి చిన్న జెండా కట్టి ఉంది.

నరేష్ లోపలికి వస్తూనే కంప్యూటర్ చూశాడు. లావు మనిషి, మెట్లెక్కితే ఆయాసపడతాడు. "రజితమ్మా, మార్చినవా?"

"మార్చలే బావా. చూసిన."

"పదహారున్నది గద ఆడ."

మాలతి గబగబా వచ్చి చూసింది. "మార్చింది! నాకెర్కే. కాయిదం నాకాడున్నది గదా చెల్లె, నువ్వు తెర మీద ఏం జేసినా కాయిదం మారుతదా?"

"తీసేస్తున్న చూడక్కా, తీసేస్తున్న." రజిత రెండు బటన్లు నొక్కింది. అక్టోబర్ ఒకటి తిరిగి వచ్చి కూర్చుంది. కింద అన్నీ సర్దుకున్నాయి. "గంతేనా? తృప్తి అయిందా? నా కొలువు పోయిందనుకో."

"నీ కొలువు కోసం నా దసరా పోవాల్నా?"

"అందుకే అంటున్న, నా కొలువే పోనీ!"

"అరె, జర ఊకోండ్రే," అన్నాడు నరేష్. "ఆదివారం పొద్దుగాల ఏంది గిది, ఓనర్ మల్ల దిగొస్తడు."

కొమురమ్మ సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. నీలం రంగు రెక్సిన్ సంచి. రెండిళ్ళ మధ్యా తిరిగి తిరిగి మూలలు తెల్లబడ్డాయి. దానిమీద చెయ్యి ఆనించి నిలబడింది.

"రజితా, గా కంప్యూటర్ల ఎందరి పేర్లున్నయ్?"

"రెండిండ్లే అత్తమ్మా."

"మూడోది ఎక్కుతదా?"

"ఎవలిది?"

"నాది."

నరేష్ చెమట తుడుచుకుంటున్న చెయ్యి ఆపాడు.

"వంతులు మీకేనా? నాకొకటి లేదా? నేను గింజ లెక్క, గీ చాటలకెల్లి గా చాటలకు పోసుకుంటున్నరు. పోసుకోండ్రి. మీ ఇద్దరి నడుమ నాకొక మూడు నెలలు రాయిండ్రి. నేనేడుంటనో నా ఇష్టం."

"అవ్వా, ఇప్పుడేమైందే? మేమేమన్న తక్కువ జేసినమా?" అన్నాడు నరేష్.

"ఎవలన్నరు తక్కువ జేసిండ్రని? పెట్టిండ్రు, తిన్న. రాయి బిడ్డా."

రజిత మాలతి వైపు చూసింది. మాలతి కాగితం వైపు చూస్తోంది.

రజిత చివరి వరసలోకి పోయింది. రెండుతో భాగించు అన్న చోట రెండు తీసి మూడు పెట్టింది. రెండు మిగిలితే దిల్‌సుఖ్‌నగర్, ఏమీ మిగలకపోతే ఎల్బీనగర్, ఒకటి మిగిలితే కొమురమ్మ. మౌసుతో పట్టి కిందికి లాగింది. ఏప్రిల్‌కు దిల్‌సుఖ్‌నగర్. జూలైకి ఎల్బీనగర్. అక్టోబర్ ఒకటికి కొమురమ్మ.

జనవరి ఒకటికి కూడా కొమురమ్మే.

"ఆగుండ్రి. తప్పొచ్చింది," అంది రజిత. పాఠం చెప్పేటప్పటి గొంతు వచ్చేసింది ఆమెకు. "ఏడాదికి నాలుగు క్వార్టర్లే. నాలుగు అయినంక మల్ల ఒకటికొస్తది. నాలుగును మూడుతోని భాగిస్తే ఒకటి మిగులుతది. ఒకటిల మూడు పోదు, ఆ ఒకటి అట్లనే మిగులుతది. అందుకని పేరు రెండుసార్లు పడ్డది. క్వార్టర్ నంబర్ కాదు, వరస నంబర్ పెట్టాలె. ఒక్క నిమిషం, సవరిస్త."

"రెండుసార్లు పడ్డదా?" అంది కొమురమ్మ.

"అవు. అక్టోబర్, జనవరి. రెండూ మీకే."

"మల్ల యేడు?"

"గట్లనే పడుతది. ప్రతి యేడు."

"పడనియ్."

"తప్పు అత్తమ్మా అది."

"కంప్యూటర్ ఎట్ల జెప్తే గట్ల నడవాలె అన్నవ్ గద నువ్వు. గీ మాలతిని నవ్వినవ్. ఇప్పుడు నాకాడికొచ్చేసరికి తప్పైందా? పడనియ్. ముట్టకు."

మాలతికి నవ్వు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భర్త తనవైపు చూసేసరికి మానింది. రజిత చెయ్యి మౌసు మీదే ఉంది. అప్పుడు కరెంటు పోయింది. తెర నల్లబడింది. సవరించిందో, దాచిందో, ఏ తారీఖు ఎవరిదో, ఆ డబ్బాలో ఏమి మిగిలిందో ఆమెకు కూడా తెలియదు.

కొమురమ్మ సంచి ఎత్తింది. నరేష్ అందుకోబోయాడు. ఇవ్వలేదు. గేటు దాటి ఆటో ఎక్కి కూర్చుని, సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"జంగయ్యా, బండి మర్లెయ్. అబ్దుల్లాపూర్‌మెట్ దాటినంక పోచంపల్లి మలుపు కాడ దించు."

జంగయ్య నరేష్ ముఖం చూశాడు. "దిల్‌సుఖ్‌నగర్ అన్నరు గద సారూ?"

"ఆయన మొకమేం జూస్తవ్? ఎక్కింది నేను," అంది కొమురమ్మ.

రోడ్డు మీద డప్పుల చప్పుడు దగ్గరవుతోంది. సిటీ వైపు పోయే బండ్లలో జనం వేలాడుతూ పోతున్నారు. రజిత పిల్లను ఎత్తుకొని గేటు బయటికి వచ్చింది. రేపటి కోసం ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసిన చీర తలుపులోంచి కనబడుతోంది. పిల్ల ఆటో వైపు వంగి, "అమ్మమ్మా," అని పిలిచింది. నాయనమ్మను అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పినా దానికి ఆ మాటే వస్తుంది.

కొమురమ్మ రెండు చేతులూ బయటికి చాపింది.

"పిల్లను ఇయ్యి. దసరా దాక నాకాడ ఉంటది. నువ్వు కొలువుకు పో."

రజిత ఒక్క రాత్రి కూడా పిల్లను విడిచి ఉండలేదు. "ఊళ్ళెనా? ఆసు పట్టుకుంట పిల్లను ఎట్ల చూస్తరు?"

"నీ మొగన్ని ఎట్ల జూసిన్నో గట్లనే. నా వంతుల నాకాడ ఎవలుండాల్నో నేను జెప్త గద."

వెనుక నుంచి మాలతి వచ్చి పక్కన నిలబడింది. చేతిలో ఆ కాగితం ఇంకా ఉంది, నాలుగు మడతలు పెట్టి. జుట్టులో నిన్నటి గులాల్ పూర్తిగా పోలేదు. కొంచెంసేపు డప్పుల వైపు చూసింది.

"చెల్లె," అంది, రజిత ముఖం చూడకుండా. "షాపుల గుండుసూదులన్ని డబ్బాల బెట్టి పైఅరకు పెట్టిన. చవితికి ముందే పెట్టిన. నేనెవలికి జెప్పలే."

రజిత ఆమె వైపు తిరిగింది. మాలతి పిల్ల గౌను సరిచేసింది.

"జల్ది అమ్మా," అన్నాడు జంగయ్య. "రోడ్డు బంద్ చేస్తున్నరు."

పిల్ల ఒక చేత్తో తల్లి మెడ పట్టుకొని, రెండో చేత్తో కొమురమ్మ వేలు పట్టుకుంది. ఆటో ఇంజన్ ఒక్కసారి గట్టిగా మోగింది.